నాన్న ఎరిగిన డ్రైవరు

జగ్గయ్యపేట,
గురువారం.

చిరంజీవి ఆమనికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నా మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది కాబట్టే మంగళవారం నందిగామ వచ్చి, నీకు చెప్పకుండా వెళ్లిపోయాను. కోప్పడకు. మన యశస్వి స్కూలు ఎదురుగా టీ కొట్టులో రెండు గంటలు కూర్చున్నాను.

అదంతా నీ రెండో ప్రశ్న కోసమే. వ్యాన్ డ్రైవరు నవీన్‌బాబు మీరిచ్చిన నడవడిక సర్టిఫికెట్ చూపించాడు, మీరు ఎరిగినవాడే కదా, ఎలాంటివాడు అని అడిగావు.

అతను పిల్లలందరికీ బ్యాగులు అందించాడు. సీట్లు తుడిచాడు. నాకైతే ఆ మర్యాద కాస్త ఎక్కువే అనిపించింది. దగ్గరికెళ్లి ఏ ఊరు బాబూ అంటే వత్సవాయి అన్నాడు. ఎవరి తాలూకు అనేసరికి, మోగని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. వత్సవాయిలో ఉండే మా వెంకటరత్నం మాస్టారిని వాకబు చేయమన్నాను. ఆ పేరు గలవాడు ఊళ్లోనే లేడట. ఇంట్లో వేరే పేరుతో పిలుస్తారేమో అంటుంది అమ్మ. కావచ్చు. నా మనసు మాత్రం ఒప్పడం లేదు.

ఇక దాచలేను. అతన్ని నేను ఎరగను. నేను రిటైరయ్యే ముందు నెల, నెట్ సెంటర్లో టైపు కొట్టించుకొచ్చిన కాగితం నా బల్ల మీద పెట్టాడు. ఐదేళ్లుగా నాకు తెలుసనీ, 'టు ది బెస్ట్ ఆఫ్ మై నాలెడ్జ్' మంచి నడవడిక గలవాడనీ అందులో ఉంది. తలెత్తకుండా సంతకం పెట్టి సీలు వేశాను. స్వయంగా తెలుసుకున్నదాని గురించే ఆ మాట రాయాలని ముప్పై ఏళ్లు ఇంగ్లీషు క్లాసులో చెప్పినవాణ్ణి. నీకూ చెప్పాను. సిగ్గుగా ఉంది తల్లీ.

నిన్న స్కూలుకి ఫోన్ చేసి నా సంతకం వెనక్కి తీసుకుంటానన్నాను. ప్రిన్సిపాల్ దేవమణి నా పాత స్టూడెంటే. నవ్వింది.

"మీ సంతకం చూశాక ఇంకేం అడుగుతామండి మాస్టారూ? పోలీసు వెరిఫికేషన్ కూడా వద్దనుకున్నాం."

ఫోన్ పెట్టేసి అమ్మని బట్టలు సర్దుకోమన్నాను.

ఈ ఉత్తరం తీసుకుని అమ్మ ఇవాళ్టి బస్సుకే వస్తోంది. రేపటి నుంచి యశస్విని తనే స్కూల్లో దిగబెడుతుంది. అతను మంచివాడని తేలితే నేనే వెళ్లి క్షమాపణ అడుగుతాను. ఈలోగా నువ్వు ఆ వ్యాన్లో పిల్లల్ని పంపే ప్రతి ఇంటికీ వెళ్లు. అతని గురించి ఏమీ అనకు. మా నాన్న అబద్ధం రాశాడని చెప్పు.

ఇట్లు,
మీ నాన్న
కుటుంబరావు