అటు చివర వినిపించదు

జూన్ 3, మంగళవారం

మళ్లీ అదే. తూర్పు చివర దిగి, రన్‌వే ఖాళీ చేసిన విమానానికి టవర్ నుంచి నా మాట అందలేదు. మూడుసార్లు పిలిచాను. కాస్త ముందుకు జరిగాక కెప్టెన్ పలికాడు. టవర్‌లో ఎవరైనా ఉన్నారా, లేక అందరూ టీకి వెళ్లారా అని అడిగాడు. ఆ మాట మాత్రం శుభ్రంగా వినిపించింది.

లాగ్‌బుక్‌లో రాశాను. ఇది ఏడోసారి. ఆ మూల కొత్తగా రేకుల షెడ్డు లేచినప్పటి నుంచీ ఇదే గోల. అదీ రాశాను.

జూన్ 5, గురువారం

రేడియో టెక్నీషియన్ వచ్చాడు. మా అందరికీ ఆయన ‘ఓకే గారు’. టవర్‌లోనే నిలబడి, టవర్‌లోని ఒక సెట్టుతో టవర్‌లోని ఇంకో సెట్టును పిలిచాడు. వినిపించింది. వినిపించక చస్తుందా? అటు చివరికి వెళ్లి చూడండి బాబూ అన్నాను. జీపు లేదు మేడమ్, పర్మిషన్ కావాలి మేడమ్, అయినా సెట్టు బ్రహ్మాండంగా ఉంది మేడమ్ అన్నాడు. ‘ఆల్ ఓకే’ అని రాసి, కింద గీత కూడా గీసి వెళ్లిపోయాడు.

జూన్ 9, సోమవారం

సూపర్‌వైజర్ పిలిచారు. ఏమ్మా, నువ్వొక్కదానివే రాస్తున్నావు, మిగతావాళ్లకి చెవుల్లేవా అన్నారు. వాళ్లు రాసి రాసి మానేశారండీ అన్నాను. రేడియోలో కొంచెం నిదానంగా మాట్లాడు, అదే సర్దుకుంటుంది అన్నారు. పంతొమ్మిదేళ్లుగా మాట్లాడుతున్నాను. ఇప్పుడు నా గొంతుకొచ్చిందా రోగం?

ఇంటికొచ్చాక మా ఆయన ఏదో చెబితే, మళ్లీ చెప్పు అన్నాను, అదే టవర్ గొంతుతో. ఆయన అటెన్షన్‌లో నిలబడి, కూర మాడింది, వంటింట్లో పొగ, ఓవర్ అన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు. తర్వాత గిన్నెలు కడుగుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

జూన్ 12, గురువారం

లాగ్‌బుక్‌లో ఎనిమిది, తొమ్మిది. ఒకే రోజు.

జూన్ 17, మంగళవారం, ఉదయం 10:40

నన్ను సీట్లోంచి లేపేశారు. కింద విశ్రాంతి గదిలో కూర్చుని రాస్తున్నాను.

తూర్పు చివర ఫ్లయింగ్ స్కూలు చిన్న విమానం ఉంది. అందులో ఒక్కతే ఒక అమ్మాయి. గొంతు సన్నగా ఉంటుందని మేం ‘పిట్ట’ అంటాం. ఒంటరిగా ఎగరడం ఇది మూడోసారి. అదే రన్‌వే మీద దిగడానికి నూట అరవై మందితో పెద్ద విమానం వస్తోంది. రన్‌వే బయటే ఆగు, పెద్ద విమానం దిగి వెళ్లాక రన్‌వే మీదికొచ్చి లైనప్ అవ్వు అని పిట్టకు చెప్పాను. అటు నుంచి మైకు స్విచ్ నొక్కినట్టు ‘టక్’ అని ఒక చప్పుడొచ్చింది. మాట రాలేదు.

చెప్పింది తిరిగి చెప్పించుకోవాలి. అది రూలు. నేను చెప్పించుకోలేదు.

కళ్లెత్తేసరికి పిట్ట రన్‌వే మీద ఉంది. పెద్ద విమానం దిగడానికి అర నిమిషం కూడా లేదు. దిగొద్దు, గో అరౌండ్ అని పెద్ద విమానానికి అరిచాను. గాల్లో ఉన్నవాళ్లకు నా మాట ఎప్పుడూ అందుతుంది. అది ముక్కు పైకెత్తి, అద్దాలు గడగడలాడిస్తూ లేచిపోయింది. పిట్టను పిలిచాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సిగ్నల్ లైటు లాగి, రన్‌వే దిగిపొమ్మని ఎర్రగా, ఆర్పి ఆర్పి కొట్టాను. ఎంతో సేపటికి, ఎంతో సేపేమిటి, పది సెకన్లకు, ఆ చిన్న విమానం పక్కకు తిరిగి రన్‌వే దిగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రం 6:15

సూపర్‌వైజర్ రిపోర్టు రాయమన్నారు. నువ్వు చెప్పింది పైలట్ వినలేదని ఒక్క ముక్క రాయమ్మా, నీకేం కాదు, ఆ పిల్ల ఎలాగూ నేర్చుకుంటోందేగా అన్నారు.

మెట్ల దగ్గర పిట్ట కనిపించింది. ఇంత చిన్నపిల్లా అనుకున్నాను. మేడమ్, మీరు లైనప్ అనే అన్నారు కదా, నాకు ఆ ఒక్క మాటే వినిపించింది అంది. అవునమ్మా, కానీ దానికి ముందు ఇంకా చాలా చెప్పాను అన్నాను. తన తప్పేమీ లేదని చెప్పాల్సింది.

జూన్ 18, బుధవారం

రిపోర్టు రాశాను. రెండు సంగతులు. ఒకటి, అటు చివరికి రేడియో అందడం లేదు, తొమ్మిదిసార్లు రాశాను. రెండు, ఆ ‘టక్’ను నేను జవాబుగా లెక్కేసుకున్నాను. ఆ మూలను రోజుకు పదిసార్లు అడిగి అడిగి విసుగెత్తి, ఇది చాల్లే అనుకున్నాను. రేడియో పాడైతే ఇంకా గట్టిగా అడగాలి. నేను అడగడం మానేశాను.

మా ఆయన చదివాడు. రెండోది తీసెయ్యమంటాడని చూశాను. ఒక కామా సరిచేసి ఇచ్చాడు.

జూన్ 20, శుక్రవారం

నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు అన్నారు సూపర్‌వైజర్. సరేనండీ, ఒక్కసారి నాతో తూర్పు చివరికి రండి అన్నాను. కోపంలోనే వచ్చారు. ఈసారి జీపు దొరికింది.

ఓకే గారిని టవర్‌లో కూర్చోబెట్టాం. షెడ్డు వెనక, పిట్ట ఆగిన చోట, సూపర్‌వైజర్ చేతి సెట్టు చెవికి ఆనించుకుని నిలబడ్డారు. బుస్సుమని చప్పుడు. ఏమయ్యా, మాట్లాడవయ్యా అని సెట్టులోకి అరిచారు. మళ్లీ బుస్సు. చెమటలు కక్కుతూ షెడ్డు దాటి నలభై అడుగులు నడిచారు. ఒక్కసారిగా ఓకే గారి గొంతు: సార్, ఇరవైసార్లు పిలిచాను సార్, ఎక్కడికెళ్లారు సార్!

ఆయన వెనక్కి తిరిగి ఆ రేకుల వంక చూశారు. సారీ అనలేదు. జీపెక్కుతూ, ఎండగా ఉంది, ముందు సీట్లో కూర్చోమ్మా అన్నారు.

జూన్ 23, సోమవారం

పిట్ట మీద ఏ చర్యా లేదు. రేడియో ఏరియల్‌ను షెడ్డుకు దూరంగా కొత్త స్తంభం మీదికి మారుస్తారట. నన్ను ఆరు వారాలు మైకు నుంచి తప్పించారు. మళ్లీ ట్రైనింగ్.

న్యాయమే. అయినా ఒళ్లు మండుతోంది. తొమ్మిదిసార్లు కాగితం మీద రాస్తే కదలనివాళ్లు ఇప్పుడు కదిలారు. ఎవరి మీద అరవాలో తెలియడం లేదు. నా మీద కూడా అరవాలి.

జూలై 8, మంగళవారం

చెప్పింది తిరిగి చెప్పించుకోవడం ఎందుకు ముఖ్యమో నా సగం వయసున్న ఇన్‌స్ట్రక్టర్ పాఠం చెప్పింది. బుద్ధిగా రాసుకున్నాను.

ఆగస్టు 5, మంగళవారం

మళ్లీ టవర్‌లో. తూర్పు చివర ఎవరో స్విచ్ నొక్కిపట్టి తుమ్మారు. నా భుజం పక్కనే తుమ్మినట్టు.

నా స్విచ్ నొక్కకుండానే, చిరంజీవ అన్నాను.