మార్చేసిన నీలి గుడ్డ

క్లెర్మాఁ,
నవంబరు 18.

నా బంగారు తల్లి సొలెన్‌కు నాన్న దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం వేళకు తింటూ, తిరుగుతూ బాగానే ఉన్నాం. బ్రెస్త్ వానలు నిన్నూ, నీ బడి పిల్లల్నీ అలాగే ఉండనిస్తున్నాయని అనుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అమ్మ మోకాలు పోయిన నెలకంటే నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం నన్నే తిడుతుంది. పొయ్యి గొట్టం బాగు చేయించాం. కొండ మీద మొదటి మంచు పడింది. నువ్వు పంపిన వెన్న బిస్కెట్లు మూడు రోజుల్లో అయిపోయాయి. నాకు దక్కినవి రెండే. అమ్మ ఇంకోలా చెబితే నమ్మకు.

ఇక అసలు ప్రశ్న. "మా నాన్న ప్లాస్టిక్‌ను అరిగించే ఎంజైమ్ అమ్ముతాడని పిల్లలకు చెప్పాను, ఒకరోజు వచ్చి చూపించు" అని రాశావు. రాలేను తల్లీ. నాకు ఒంట్లో బాగాలేదని సాకు కూడా వాళ్లకు చెప్పకు. కారణం ఫోనులో చెప్పవచ్చు. కానీ సగం వినగానే నువ్వు "పోనీలే నాన్నా" అంటావు. మొత్తం తెలియకముందే ఆ మాట అనిపించుకోకూడదని రాస్తున్నాను.

ఎంజైమ్‌లో మోసం లేదు. నీళ్ల సీసాలను పొడి చేసి వేడినీళ్ల తొట్టిలో వేస్తే, ఒక్క రోజులో మళ్లీ ముడిసరుకుగా విడగొడుతుంది. అయిదేళ్ల క్రితం మా మాట వినే నాథుడే లేడు. ఇప్పుడు టర్కీ నుంచీ, థాయ్‌లాండ్ నుంచీ కొనేవాళ్లు వస్తున్నారు. పోటీ కంపెనీలు కూడా పుట్టుకొచ్చాయి. మా డైరెక్టరుది రోజూ ఒకటే పాట: "ఇవాళ మనం అమ్మకపోతే రేపు ఇంకొకడు అమ్ముతాడు, అర్మాన్!"

ఏప్రిల్లో త్రువా నుంచి మదాం తెరోన్ వచ్చింది. ఈత దుస్తులు తయారుచేసే చిన్న మిల్లు ఆమెది. కత్తిరింపుల్లో మిగిలిన నీలి గుడ్డ ముక్కలు సంచి నిండా తెచ్చింది.

"మీ సీసాల గొడవ నాకెందుకండీ? నా గుడ్డ కరుగుతుందా లేదా, అది చూపించండి," అంది.

ముట్టుకోగానే నాకు తెలిసిపోయింది. ఆ గుడ్డ నిండా సాగే దారం ఉంది. దాన్ని మా ఎంజైమ్ ఏమీ చేయలేదు. ఆ మాట చెబితే బేరం పోతుంది. పొడి చేసే గదిలోకి ఆమె సంచితో వెళ్లాను. అదే రంగు వట్టి పాలియెస్టర్ పొడితో, అంటే సీసాల ప్లాస్టిక్‌తోనే నేసిన గుడ్డ పొడితో, బయటికి వచ్చాను. డైరెక్టరు నన్ను అలా చేయమనలేదు. నాకు నేనే చేశాను. సాయంత్రానికి గాజు జాడీలో నీలి నీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. మదాం తెరోన్ సంబరంగా నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

సెప్టెంబరులో ఆమె మిల్లులో మా తొట్టి పెట్టారు. మూడు రోజులైనా గుడ్డ గుడ్డలాగే ఉంది. నన్ను పిలిపించారు. తొట్టి చూసుకునే నబీల్ అక్కడ పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. మదాం తెరోన్ నా ఎదుటే అతని మీద విరుచుకుపడింది.

"వేడి తగ్గనిచ్చావు కదూ? ఎక్కడ కునుకు తీశావు?"

"లేదు మదాం. గంటగంటకీ చూసి రాశాను. ఇదుగో, అరవై ఎనిమిది, అరవై ఎనిమిది, అరవై తొమ్మిది... మీరే చూడండి."

"పుస్తకంలో ఏమైనా రాసుకోవచ్చు!" ఆమె నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి మెస్యూ. మీ దగ్గర కరిగింది కదా?"

నబీల్ కూడా నా వైపు చూశాడు. నేను తన పక్షాన మాట్లాడతాననుకున్నాడు, సొలెన్.

"మా దగ్గర కరిగింది మదాం," అన్నాను.

వారం తిరక్కుండా అతన్ని పనిలోంచి తీసేశారు.

నెలకు పైగా ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిరిగాను. అంతలో నీ ఉత్తరం వచ్చింది. "మా నాన్న" అని నువ్వు రాసిన చోటు దాటి ముందుకు చదవడానికి చాలాసేపు పట్టింది. మర్నాడే త్రువా రైలెక్కాను.

మదాం తెరోన్ నిలబడే మొత్తం విన్నది. "అందరి ముందూ వాణ్ణి అబద్ధాలకోరును చేశానే, మీ మాట పట్టుకుని!" అంది. నా ఎదుటే నబీల్‌కు ఫోను చేసి, మళ్లీ పనికి రమ్మంది. తర్వాత సంగతి తెలిసి మా కంపెనీ తొట్టిని వెనక్కి తీసుకుంది. నన్నూ పనిలోంచి తీసేసింది. అది న్యాయమే.

ఆ రోజే మిల్లు నుంచి నేరుగా నబీల్ ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే చెప్పాను. అతను తిట్టలేదు. "ఆగండి" అని లోపలికి తిరిగి, "సామియా, ఇలా రా!" అని కేకేశాడు. అతని భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇప్పుడు నాతో అన్నది ఈవిడతో కూడా అనండి," అన్నాడు.

మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఆమె నన్ను చూడనే లేదు. భర్తనే చూస్తూ, "నువ్వు నిద్రపోలేదని ఒట్టేసినా నమ్మలేదు కదయ్యా నేను," అంది. నా ఒక్క మాట ఆ ఇంట్లో ఎంత దూరం పోయిందో అప్పుడు తెలిసింది నాకు.

"మదాం రమ్మంది కదా, వెళ్తారా?" అని అడిగాను.

"ఎలా వెళ్లనండీ? అబద్ధం చెప్పానని వాళ్లందరూ నమ్మారు," అన్నాడు. ఆపైన తలుపు మెల్లగా వేశాడు. విసిరి వేసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇదంతా నిన్న అమ్మకు చెప్పాను. ఒలుస్తున్న బంగాళదుంపను గిన్నెలో పడేసింది. "దానికి నువ్వే రాయి. నీ బదులు నేను చెప్పను," అంది. అప్పట్నుంచీ నాతో మాట్లాడలేదు. నువ్వు కూడా కొన్నాళ్లు మాట్లాడాలనుకోకపోతే, నన్ను ఓదార్చడానికని మాత్రం కలం పట్టకు తల్లీ.

ఇట్లు,
నీ ముందు తల ఎత్తలేని
మీ నాన్న.