కుందేలుకు పెట్టిన ఉచ్చు

12 డిసెంబరు 1994, సోమవారం

యూనివర్సిటీ క్యాంపస్ పొదల్లోంచి అడవి కుందేళ్లు వచ్చి, మా క్వార్టర్ వెనక అత్తమ్మ వేసిన పాలకూరను మొదళ్ల దాకా కొరికేస్తున్నాయి. తుమ్మకంప అడ్డం పెట్టినా కిందనుంచి దూరుతున్నాయి. అందుకే నిన్న ఈయన కంప సందులో వైరుతో ఉచ్చు పెట్టారు.

పొద్దున నేను వెళ్లేసరికి ఒక కుందేలు కాలు చిక్కుకొని వణుకుతోంది. దాని పొట్ట కింద చన్నులు పాలతో నిండి ఉన్నాయి. పిల్లలు ఏ పొదలో ఎదురుచూస్తున్నాయో అనిపించి, ముడి విప్పి వదిలేశాను.

"తెంపుకొని పోయింది అత్తమ్మా," అన్నాను.

ఆమె వైరును వేళ్లతో తడిమి చూసింది. "తెగినట్టు లేదు గదా పిల్లా," అన్నది.

సాయంత్రం ఈయన తార్నాక నుంచి మందమైన వైరు తెచ్చారు. అత్తమ్మ ఆయనతో, "ఇప్పటిసంది ఉచ్చు కోడలే పెడ్తది బిడ్డా. పొద్దుగాల నేను పోయి చూస్త," అన్నది.

నేను తల ఊపాను. ఊపక ఏం చెయ్యను? ముడి ఎలా వేయాలో ఈయన పక్కన కూర్చొని నేర్పారు. మొదటిసారి వదులైంది. రెండోసారి గట్టిగానే పడింది. బాగా వేశావని అత్తమ్మ మెచ్చుకుంది కూడా.

ఇప్పుడు ఆ ఉచ్చు కంప సందులోనే ఉంది. వెనక తలుపు తాళంచెవి అత్తమ్మ దిండు కింద ఉంది.