ఉతకని చొక్కా

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమసమాచారాలు తర్వాత. ఫోన్లో చెబితే నవ్వేస్తావని రాస్తున్నాను. నువ్వు నాకు అంటగట్టి ఉద్యోగానికి వెళ్ళిపోయావే, ఆ పిల్లి దొరగారు మందు మింగడం మానేశారు.

ఇన్నాళ్ళూ అది ఎలా మింగేదో నీకు చెప్పలేదు. తలుపు వెనక నువ్వు వదిలేసిన నీలం చొక్కా తొడుక్కుని ఒళ్ళో పెట్టుకుంటే, నువ్వే అనుకుని నోరు తెరిచేది. నిన్న బుద్ధి గడ్డి తిని, మిగతా బట్టలతో పాటు ఆ చొక్కానీ సబ్బునీళ్ళలో ముంచేశాను. ఇవాళ అదే చొక్కా తొడుక్కుని కూర్చుంటే, ఒకసారి వాసన చూసి, ఒకసారి నా మొహం చూసి, మంచం కిందికి దూరింది. మాత్ర చేపముక్కలో దాచిపెట్టాను. చేప తినేసి, మాత్రను తీసుకొచ్చి నా చెప్పులో ఉమ్మింది. తువ్వాలు చుట్టి పట్టుకుంటే చెయ్యంతా రక్కింది. ఈ గొడవలో నా బీపీ మాత్ర నేనే మర్చిపోయాను.

పశువుల డాక్టరేమో, "గుండె మందమ్మా, ఆపితే కష్టం. ఎలాగోలా వెయ్యండి" అన్నారు. ఎలాగోలా అంటే ఎలాగో మాత్రం చెప్పలేదు.

కాబట్టి నువ్వు తొడిగి విప్పిన చొక్కా ఒకటి వెంటనే పంపు. చెమట వాసన ఎంత ఉంటే అంత మంచిది. సిగ్గుపడి ఉతికి పంపావో, చంపేస్తాను.

మంచం కింద నుంచి దాని ఆయాసం వినబడుతూనే ఉంది. పార్సిల్ ఆలస్యమవుతుందనుకుంటే, ఆ చొక్కా వేసుకుని నువ్వే వచ్చెయ్.

చేతికి కట్టుతో,
అక్క