గోడమీద సుద్దగీత

భన్‌పురి, రాయ్‌పూర్

తమ్ముడు ఉమేష్‌కి అక్క వందనాలు.

మలావీ నుంచి నువ్వు రాసిన ఉత్తరం చర్చిలో చదివించాను. మన ఆడవాళ్ళం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసిపెట్టి, అవి అమ్మి చేయించిన వీడర్లు అక్కడి మళ్ళలో కలుపు తీస్తున్నాయంటే అందరూ మురిసిపోయారు. పిడులు పొట్టివై వాళ్ళకి నడుములు పట్టేస్తున్నాయన్న ముక్క మాత్రం చదవనివ్వలేదు.

తప్పు నాదే. వర్క్‌షాపులో పాపయ్య బాబాయి "నాప్, అదే కొలత, ఎంతమ్మా? అక్కడోళ్ళు ఎంతెత్తుంటారు?" అనడిగాడు. "మనలాగే ఉంటారు" అని నేనే గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా తలమీద సుద్దగీత గీసి, దాన్నిబట్టే పిడులు కోశాడు.

నిన్న వెళ్ళి ఒప్పుకున్నాను. నువ్వు రాసిన ఎత్తుని బట్టి, జానెడు పైన ఇంకో గీత గీయించాను. పొడుగు పిడులు తయారవుతున్నాయి. వచ్చే ఆదివారం ఆ ముక్క నేనే చదువుతాను.

కానీ తమ్ముడూ, ఆ రెండో గీత కింద ఎవరో నిలబడ్డట్టే ఉంది. ఇవాళ పొద్దున బియ్యం తీస్తుంటే, ఆ పొడుగావిడ అక్కడి మడిలోంచి బురదకాళ్ళతో నా వంటింట్లోకి వచ్చేసినట్టనిపించింది. అక్కడ అంత ఎత్తున్న ఆవిడ ఎవరో, పేరు కనుక్కుని రాయి. ఇన్నేళ్ళూ "పాపం, పేదవాళ్ళు" అనుకుంటూ తల వంచి ప్రార్థన చేశాను. ఇవాళ ఆవిణ్ణి చూడ్డానికి తలెత్తాల్సి వచ్చింది.

నీ అక్క