ఎదురొచ్చిన ద్రాక్ష బండి

సాతంరాయి,
14-11-1996.

ప్రియమైన భాగ్యలక్ష్మికి,

డోర్కాస్ వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. మేం క్షేమంగా లేం. అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టలేక ఆ మాట వదిలేస్తున్నాను.

నా చేతిరాత చూడగానే చింపేస్తావేమో. చింపుకో, కానీ చదివాక చింపు. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నందుకైనా అంత చెయ్యి.

సోమవారం కోర్టులో నీ సాక్ష్యం. ఆశేర్ అన్న ట్రాలీ బాణం లెక్క మా బస్సు మీదికే వచ్చిందని పోలీసులకు చెప్పావు. అక్కడా అదే చెప్తావు. మా ఆశేర్ అన్న వకీలుతో ఒక్క ముక్క మాట్లాడడు. భాగ్య అబద్ధం చెప్పదు, అది జోరుగ వచ్చిందన్నదంటే వచ్చినట్టే, నేను తప్పు ఒప్పుకుంట అంటున్నాడు. అమ్మ వాడి కాళ్ల దగ్గర కూలబడి, నన్ను సంపి పోరా జైలుకు అని ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తోచడం లేదే.

ఆ రోజు నువ్వు కాలేజీ నుంచి మీ బాపు తోలే బస్సులో వస్తున్నావు. అన్న తొండుపల్లి తోటలో ద్రాక్ష ట్రాలీలో నింపుకుని పట్నం పోతున్నాడు. మా ఊరి దగ్గర ట్రాలీ రోడ్డు దిగి, పక్కన మేకలు కాస్తున్న కుర్మయ్య తాతను కొట్టేసింది. తాత దవాఖానలో పోయాడు. ఆ పాపం మా ఇంటి మీద ఉంది, నేను కాదనను. తాత భార్య శివమ్మవ్వ ఎదురుపడితే అమ్మ సందు మార్చుకుని పోతోంది.

కానీ ద్రాక్ష బండిని ఎవరైనా జోరుగా తోలతారా? కుదిపితే గింజలు రాలిపోతాయి, రాలిన గింజను మార్కెట్లో ఎవడూ ముట్టడు. ఆ సీజన్లో అన్న బండి పక్క నుంచి సైకిల్ మీద పోయేవాళ్లు కూడా, ఏంది ఆశేరూ, పెండ్లిపిల్లను తీస్కపోతున్నవా అని నవ్వేవాళ్లు. మరి నీకు బాణంలా ఎందుకు కనిపించింది? నువ్వు అబద్ధాలకోరువని ఇన్ని నెలలు తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టడం లేదు.

ఫిజిక్స్ తప్పాను కదా, మళ్లీ మొదటి పాఠం నుంచి చదువుతున్నాను. సాపేక్ష వేగం దగ్గర ఆగిపోయాను. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లలో ఒకదాంట్లో కూర్చుని రెండోదాన్ని చూస్తే, కనబడేది దాని ఒక్కదాని వేగం కాదు, రెండూ కలిసిన వేగం. ఇది పరీక్షకు వస్తది, బట్టీ పట్టవే అన్నది నువ్వే. పట్టాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమై నిద్ర పట్టడం లేదు.

నమ్మకం కుదరక నిన్న బస్సెక్కి, నీలాగే ముందు సీట్లో కూర్చున్నాను. ఎదురుగా ఎడ్లబండి వస్తోంది. ఎడ్లబండి, భాగ్యా! అది కూడా మీదికి ఉరికినట్టే వచ్చింది. వెంటనే బస్సు ఆపించి దిగి వెనక్కి చూశాను. ఎడ్లు కునుకుతూ నడుస్తున్నాయి. కండక్టరు, ఏమైందమ్మా, పానం మంచిగ లేదా అని అడిగాడు. రోడ్డు మీదే కూర్చుని ఏడ్చేశాను.

నువ్వు చూసింది నిజమే. కానీ అందులో సగం కూడా మా అన్నది కాదు. నేను నడిచే బస్సులో కూర్చుని చూసిన, నిలబడి చూడలేదు అని ఒక్క మాట చెప్పు. అంతకంటే ఏమీ వద్దు. నీకు దండం పెడతాను.

మీ అమ్మకు, బాపుకు నా నమస్కారాలు.

ఇట్లు,
నువ్వు మాట్లాడకపోయినా నీదే అయిన
డోర్కాస్

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. ఒక మాట రాయకుండా దాటేశాను, అది నన్ను ఉండనివ్వడం లేదు. ఈ లెక్క చూపించాక అన్న మొదటిసారి నోరు విప్పాడు. గడ్డి ట్రాక్టరును దాటబోయి మీ బాపు మొగులయ్య కాక బస్సును అన్న వస్తున్న పక్కకు తెచ్చాడట. అన్న తప్పించబోయి రోడ్డు దిగాడు. నువ్వు ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుతున్నావు కదా, హారన్ విని తలెత్తేసరికి ట్రాలీ మీ మీదికి వస్తున్నట్టే ఉంటుంది. మీరే దాని మీదికి పోయారు. మొగులయ్య కాకనే నాకు స్టీరింగ్ పట్టుడు నేర్పిండు, ఆయన పేరు నా నోట రాదు, నువ్వు గూడ ఎవరికీ చెప్పకు అని అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. సరేనన్నాను. ఇదిగో, ఆ మాట తప్పాను.

నువ్వు చూసిన వేగంలోంచి ద్రాక్ష బండి వేగం తీసేయ్. మిగిలింది ఎవరిదో లెక్కల్లో నాకంటే నీకే బాగా తెలుసు. ఇంత పొడుగు ఉత్తరంలో మా అన్నను విడిపించమని అడిగాను. కాదే భాగ్యా, నేను నిన్ను అడుగుతున్నది మీ బాపును ఇచ్చేయమని.