నల్లజీడి మచ్చ

బుధవారం, రాత్రి

ఈరోజు అమ్మకి ఆఖరి స్నానం నేనే చేయించాను. నా జాకెట్టు చేతులు పైకి మడిచి, అమ్మ ఒంటికి ఇప్పనూనె రాస్తుంటే, ఆమె ముంజేతుల మీద పచ్చబొట్లు నిన్న పొడిచినట్టే ఉన్నాయి. జి.మాడుగుల పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది.

"నీ పచ్చబొట్టేటైపోనాదే గుంటా? సచ్చి పైకెల్తే మనోలు దాన్ని సూసే కదే పోల్సుకుంటారు!"

హాస్టల్లో పిల్లలు నవ్వుతున్నారని ఎనిమిదో తరగతిలో దాన్ని నల్లజీడి రసంతో కాల్చేసుకున్నాను. అమ్మ నెలరోజులు ఆ పుండుకి పసుపు రాసింది. నేనేమో ఇరవై ఏళ్లుగా ఆ చేతిని పొడుగు చేతుల జాకెట్లలో దాచాను.

మిగిలిన నూనె ఇప్పుడే ఆ మచ్చకి రాసుకున్నాను. తన చేత్తో మాన్పిన మచ్చే కదా, అమ్మ దీన్ని పోల్చుకుంటుందా...